హారన్‌లో గుంట

ఆయన పోయిన సంగతి నాకు ప్రాక్టికల్ పరీక్ష జరుగుతుండగా తెలిసింది. ల్యాబ్‌లో పిల్లలు లోలకాలు ఊపుతున్నారు, స్టాప్‌వాచీలు నొక్కుతున్నారు. ఫోన్ బల్ల మీద బోర్లించి పెట్టుకున్నాను. అది కదిలితే తిప్పి చూశాను. గుడివాడ నుంచి ఆయన పెద్దమ్మాయి పంపిన మెసేజ్. "నాన్నగారు ఈ ఉదయం పోయారండీ. గుండె ఆగిపోయింది. మీకు చెప్పాలనిపించింది." అంతే ఉంది. చదివి మళ్లీ బోర్లించాను. ఒక పిల్ల ఇరవై ఊపులు లెక్కపెడుతూ మధ్యలో నావైపు చూసి లెక్క మరిచిపోయింది. "మళ్లీ మొదలుపెట్టమ్మా" అన్నాను.

పరీక్ష అయింది. మార్కులు వేసి కవరు అంటించాను. దారిలో కరివేపాకు కొన్నాను. ఇంటికొచ్చి పప్పుచారు పెట్టుకుని తిన్నాను. ఏడుపు వస్తుందేమోనని వరండాలో కాసేపు కూర్చుని చూశాను. రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. గుండె రాయి చేసుకున్నానంటే అదేదో నేను కష్టపడి చేసుకున్నట్టు ఉంటుంది. నేనేమీ చేసుకోలేదు. ఒక వైపు చెయ్యి మీద పడుకుని లేచినప్పుడు ఆ చెయ్యి మనది కానట్టు ఉంటుంది చూడండి, అలా ఉంది, అంతే.

ఆయన పేరు రాయను. ఎక్కడో పందిట్లో మైకులో తన పేరు చదివి శాలువా కప్పబోతే, "మైకు పనిచేస్తంది కదా, మళ్లీ పేరెందుకు" అని చెప్పులేసుకుని వచ్చేసిన మనిషి. గుడివాడలో రైల్వే గేటు దాటాక ఎడమచేతి సందులో, పాత మైకుసెట్లు, స్పీకర్లు బాగుచేసేవారు. షాపుకి బోర్డు లేదు. ముదినేపల్లి నుంచీ అవనిగడ్డ నుంచీ వచ్చేవాళ్లు కూడా ఎవరినీ అడక్కుండానే సందులోకి తిరిగేవారు. లోపల ఒక బల్ల, ఒక లైటు, కూర్చోవడానికి ఆంప్లిఫయరు వచ్చిన పాత చెక్కపెట్టె. కుర్చీ ఉండేది కానీ అది వచ్చినవాళ్లకి.

నేను బందరులో ఫిజిక్స్ చెప్తాను. మా మావయ్య దివిసీమలో ఒక సినిమా హాల్లో ఆపరేటరుగా చేసేవాడు. హాలు మూతపడి గోడౌను అయినప్పుడు తెర పక్కనున్న రెండు హారన్ ట్వీటర్లు ఇంటికి తెచ్చుకున్నాడు. మావయ్య పోయాక అవి నాకొచ్చాయి. హారన్ ట్వీటరంటే పెద్ద స్పీకరు పలకలేని సన్నటి శబ్దాల్ని పలికించే చిన్న ఇనుప నోరు. తాళాల మోత, గాజుల చప్పుడు, మాటలో క, ట, స లాంటి అక్షరాల పదును, ఇవన్నీ దాని పని. వెనక అయస్కాంతం ముందు పల్చటి రేకు ఒకటి వణుకుతుంది. ఆ వణుకు నోట్లోంచి పెద్దదై బయటికి వస్తుంది.

నాకు చదువు ఎక్కువై, వాటికి పరీక్ష పెట్టాను. లాప్‌టాప్‌లోంచి ఒక ఈలని కిందనుంచి పైకి లాగుతూ హారన్‌లో వినిపించడం, ఎదురుగా మైకు పెట్టి ఏ మెట్టు దగ్గర ఎంత పలికిందో గీత గీయించడం. గీత చదునుగా రావాలి. నాకు వచ్చిన గీతలో ఒకచోట నుయ్యిలా దిగిపోయింది. రేకు పోయిందనుకున్నాను. హారన్‌ని దుప్పట్లో చుట్టి, గీతని కాగితం మీద అచ్చేయించి, ప్యాసింజరెక్కి పెడన, కవుతరం, గుడ్లవల్లేరు మీదుగా గుడివాడలో దిగాను.

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇదెవరి చెవమ్మా?" అని అడిగారు.

"మైకుదండీ" అన్నాను.

"ఎక్కడ పెట్టి విన్నారు?"

"మా డైనింగ్ టేబుల్ మీదండీ. పైన గాజు ఉంటుంది."

నేను ఇంట్లో ఎలా చేశానో అలాగే తన బల్ల మీద చేయమన్నారు. గీత వచ్చింది, నుయ్యి వచ్చింది. "చూశారా" అన్నట్టు ఆయన వైపు చూశాను. ఆయన లోపలికెళ్లి పాత బొంత ఒకటి తెచ్చి బల్ల మీద మూడు మడతలు వేసి పరిచారు. "ఇప్పుడు వినిపించండి మీ మిషనుకి" అన్నారు. నుయ్యి ముప్పాతిక పూడిపోయింది.

"హారన్లోంచి తిన్నగా వచ్చేదొకటి, బల్లకి తగిలి వచ్చేదొకటి. రెండూ అక్కడ ఎదురెదురు పడి చచ్చిపోతన్నాయి" అన్నారు, సందులో ఎవరో చిరునామా అడిగితే చెప్పినట్టు.

ఇది నేను ఏటా నల్లబల్ల మీద రంగు సుద్దలతో బొమ్మ వేసి చెప్పే పాఠం. రెండు తరంగాలు కలిసినప్పుడు ఒకదాన్నొకటి చంపుకోవడం. పరీక్షలో ఎనిమిది మార్కుల ప్రశ్న. తల తీసేసినట్టయింది. కానీ అబద్ధం ఎందుకు, సంతోషం కూడా వేసింది. "తప్పు నాదేనండీ బాబాయి గారూ. నేను రోజూ చెప్పే పాఠమే ఇది" అన్నాను. బాబాయి గారు అని ఎందుకొచ్చిందో నాకు తెలీదు, వచ్చేసింది.

ఆయన నన్ను కొంచెంసేపు చూశారు. "చదువుకున్నోళ్లు ఇంత తొందరగా ఒప్పుకోగా నేను చూళ్లేదమ్మా" అన్నారు. ఆ రోజు నుంచీ షాపుకి వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి ఒకటే మాట చెప్పేవారు. "బందరు టీచర్ గారు. ఉన్నది ఉన్నట్టు చెప్తారు." లెక్చరర్నండీ అని రెండుసార్లు దిద్దాను, మూడోసారి మానేశాను.

మిగిలిన పావు వంతు గుంట నిజమైనదే. హారన్‌కీ వెనక యూనిట్‌కీ మధ్య ఉండే అట్ట ఎండిపోయి గాలి కారుతోంది. ఆయన బల్ల సొరుగు లాగితే నిండా శుభలేఖలు. వాటిని గుండ్రంగా కత్తిరించి అట్టలుగా వేస్తారు. "ఇది చెమ్మ పట్టదు, పైన మెరుపు కాయితం ఉంటది కదా" అన్నారు. కృష్ణా జిల్లాలో ఎన్ని మైకుల గొంతుల్లో ఎవరెవరి పెళ్లి ముహూర్తాలు ఇరుక్కుని ఉన్నాయో!

గుంట అన్న మాట ఆయనదే. నేను గీతలో పల్లాలు, శిఖరాలు అంటే ఆయన గుంటలు, గట్లు అనేవారు. ఎక్కువ పలికే చోటు గట్టు, పలకని చోటు గుంట. అన్నీ సరిపోతే "మడి చదునైంది" అనేవారు. పొలం మాత్రం ఆయనకి సెంటు కూడా లేదు.

హారన్ ముందు ఎప్పుడూ నిలబడేవారు కాదు. దానికి వీపు పెట్టి, సందు వైపు తిరిగి, గడ్డం కొంచెం పైకెత్తి వినేవారు. ఎందుకండీ అంటే, "ఎదురుగా నిలబడితే కళ్లు కూడా వినేస్తాయమ్మా. నమ్మకూడదు" అన్నారు. గుంట ఎక్కడుందో బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాల్లో నొక్కి చూపించేవారు. నేను ఆ తర్వాత మైకు పెట్టి చూస్తే అక్కడే ఉండేది. నాలుగైదు సార్లు చూశాక ఇక మైకు తీసుకెళ్లడం మానేశాను.

పాటలు పెట్టి పరీక్షించడం ఆయనకి నచ్చదు. పాటలో తప్పు దాక్కుంటుందట. మైకు చేత్తో పట్టుకుని, పంచాంగం చదివినంత శ్రద్ధగా, "సొరకాయ, చేమదుంప, కత్తిపీట, తట్ట, పచ్చి శనగపప్పు" అని చదివేవారు. ఒకసారి సందు మొదట్లో తోపుడుబండి అబ్బాయి, "సొరకాయ లేదండీ, బీరకాయ ఉంది" అని కేకేశాడు. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. వెనక్కి తిరిగి, "అంత దూరానికి స వినపడిందన్నమాట" అని హారన్‌కి స్క్రూలు బిగించేశారు.

ఇంకొకటి చెప్పాలి, ఆయన అలవాట్లన్నిటిలోకీ అదే గట్టిది. బల్ల మీద ఒక హారనే ఉండాలి. అది తేలేదాకా ఇంకోటి ముట్టుకోరు. మిగతావన్నీ గోడ వారగా, నోళ్లు గోడకి తిప్పి, తువ్వాలు కప్పి, ఆసుపత్రి బెంచీ మీద వరసలో కూర్చున్నట్టు ఉండేవి. ఎవరెంత పెద్దమనిషి వచ్చినా అంతే. శ్రీరామనవమికి మూడు రోజులుందని గుడి వాళ్లొచ్చి బతిమాలినా, పండగ దగ్గరపడిందని మసీదు వాళ్లొచ్చి బతిమాలినా, ఆదివారానికి కావాలని చర్చి పాస్టరు గారు వచ్చినా ఒకే జవాబు.

"చెవిలో ఒక్క హారనే పడుద్దండీ. రెండోది విప్పానంటే దీని గుంట దాంట్లో వెతుకుతా."

మొండి అనేవారు జనం. నాకూ అలాగే అనిపించేది. నా రెండో హారన్ మూడు వారాలు గోడవైపు మొహం పెట్టుకుని కూర్చుంది. ఫోన్ చేస్తే, "మీ ముందు ఘంటసాల ఊరివాళ్లది ఉందమ్మా. అది మాట వినట్లా" అన్నారు.

ఎప్పుడు మొదలైందో నాకు సరిగ్గా తెలీదు. ఒకసారి వెళ్లేసరికి ఆయన హారన్‌కి వీపు పెట్టడం మానేశారు. ఎదురుగా నిలబడి వింటున్నారు. హారన్ వైపు కాదు, పక్కనున్న మనిషి మొహం వైపు చూస్తున్నారు. వచ్చినవాళ్లు మొహం చిట్లిస్తే "గట్టు ఉంది కదూ" అనేవారు, తల ఊపితే "చదునైంది" అనేవారు. నేను ఏదైనా అడిగితే, నా పెదాల మీద చూపు పెట్టి, ఒక్క క్షణం ఆగి జవాబు చెప్పేవారు. సన్నటి శబ్దాలు ఆయనకి అందడం లేదు. వయసుతో చెవులకి వచ్చేదే, మొదట పోయేవి అవే. పాఠం చెప్పేదాన్ని, నాకు తెలియకేం, తెలిసింది. ఏమీ అనలేదు. నాకెందుకులే అనుకున్నాను. ఆయన చేతిలో పని తప్పేదాకా చూద్దాం అనుకున్నాను.

తప్పింది. నాగాయలంక దాటాక, రోడ్డు ఇసుకలోకి దిగిపోయే చోట ఒక మత్స్యకారుల పల్లె ఉంది. తుఫాను షెల్టరు డాబా మీద నాలుగు దిక్కులకీ నాలుగు మైకులు. రేషను వచ్చిందన్నా, గంగమ్మ కొలుపులన్నా, సముద్రం బాగాలేదు పడవలు తియ్యొద్దన్నా అందులోనే చెప్తారు. సముద్రపు గాలికి అక్కడ మాట నిలవదు. "ఆ, ఊ, ఓ మిగుల్తాయమ్మా. క, ట, స గాలికి కొట్టుకుపోతాయి. మాట పోయి మూలుగు మిగులుద్ది" అని ఆయన ఒక ఉపాయం చేశారు. ఒక్కో మైకు పక్కనా ఒక్కో పాత హారన్ ట్వీటరు బిగించారు. ఉపాయం మంచిదే. అయితే ట్వీటరు మరీ జోరుగా అరవకుండా పట్టి ఉంచే రెసిస్టరు ఒకటి ఉంటుంది. బిగించి విన్నప్పుడు ఆయనకి సన్నటి శబ్దాల దగ్గర గుంట ఉన్నట్టు వినిపించింది. పూడ్చడానికి నాలుగింటికీ రెసిస్టర్లు తీసేశారు.

పల్లెలో చెవులు చిల్లులు పడ్డాయి. పసిపిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తున్నారు, కుక్కలు ఊళ పెడుతున్నాయి. ఆడవాళ్లు నిచ్చెన వేసుకుని డాబా ఎక్కి హారన్ల నోళ్లలో గోనెగుడ్డలు కుక్కేశారు. పెద్ద మైకుల్లో కూడా, పనిలో పనిగా. ఆ గుడ్డలతోనే ఒక పొద్దున సముద్రం బాగాలేదని చెప్పారు. పల్లెలో సగం మందికి ఏదో గొణుగుడు తప్ప ఏమీ తెలియలేదు. రెండు పడవలు వెళ్లిపోయాయి. మర్నాడు మధ్యాహ్నానికి తిరిగొచ్చాయి. వలలు పోయాయి, మనుషులు వచ్చారు.

వాళ్లు ఆయనకి ఫోన్ చేశారు, ఆయన నాకు చేశారు. "మీ మైకూ, గీతల మిషనూ పట్టుకుని ఒకసారి రండమ్మా" అన్నారు. చల్లపల్లి బస్టాండులో కలుసుకుని మోపిదేవి, అవనిగడ్డ మీదుగా వెళ్లాం. బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని సంచీ ఒళ్లో పెట్టుకుని ఒక్క మాట మాట్లాడలేదు. కండక్టరు రెండుసార్లు టికెట్ అడిగాడు, ఆయన పలకలేదు. నేనే తీసుకున్నాను.

డాబా మీద గుడ్డలు చూసి ఆయన మొహం వాడిపోయింది. "నోట్లో గుడ్డలు కుక్కారేంటమ్మా" అన్నారు, ఎవరో తన పిల్లల్ని కొట్టినట్టు. షెల్టరు తాళాలు చూసుకునే ఆవిడ ఉంది. యాభై దాటిన మనిషి, సొంత పడవ ఉన్నావిడ. "ఏం చేసేదండీ బాబాయ్ గారూ, ఆ కూత మీరు రోజూ పడండి, తెలుస్తది" అంది.

ఆయన ఒక్కొక్క గుడ్డా లాగి పారేశారు. నేను లాప్‌టాప్ తెరిచి ఈల వదిలాను. కిందనుంచి మెల్లగా పైకి పోయింది. ఒక మెట్టు దాటగానే డాబా మీదున్న పదిమందీ చెవులు మూసుకున్నారు. నా వెనక పళ్లు జివ్వుమన్నాయి. ఆయన ఒక్కరే చేతులు కిందికి వదిలేసి, తల వంచుకుని, అందరి మొహాలూ చూస్తూ నిలబడ్డారు. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాల్లో నొక్కారు.

"ఇక్కడ. ఇదిగో ఇక్కడే పడిపోతంది. ఇంకా కొంచెం పెంచాలి."

"ఇంకా పెంచుతారా!" అందావిడ. "మీకేమన్నా చెవుడా అండీ?"

వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే అడిగింది. ఎవరూ నవ్వలేదు. ఆయన నావైపు తిరిగారు. ఆ మొహంలో భయం నేను అదే మొదటిసారి చూడటం. ఆయనకున్నది ఆ చెవే. బోర్డు లేని షాపుకి అన్ని ఊళ్లవాళ్లు రావడం దాని కోసమే.

"టీచర్ గారూ, మీరు ఉన్నది ఉన్నట్టు చెప్తారు. చెప్పండి, గుంట ఎక్కడుంది?"

లాప్‌టాప్ నావైపు తిరిగి ఉంది. గీతలో గుంట లేదు. ఆయన నొక్కి చూపించిన చోట ఇంతెత్తు గట్టు ఉంది. నేను మూత వేసేశాను.

"హారన్‌లోనే ఉంది బాబాయి గారూ" అన్నాను.

"దేంట్లో?"

ఏదో ఒకటి చూపించాలి కాబట్టి తూర్పు వైపుది చూపించాను. "దాంట్లో. రేకు అలిసిపోయినట్టుంది. మిగతావి బాగానే ఉన్నాయి."

ఆయన ఊపిరి వదలడం నాకు వినిపించింది. ఆవిడ వైపు తిరిగి, "విన్నావామ్మా, చెవి కాదు, రేకు" అన్నారు. తూర్పు వైపు హారన్‌ని తనే విప్పి, తువ్వాల్లో చుట్టి, సంచీలో పెట్టి, సంచీ పిట్టగోడకి ఆనించి మెట్లు దిగారు.

ఆయన కింద మజ్జిగ తాగుతుండగా, నేను మిగిలిన మూడింటికీ ఆయన తీసేసిన రెసిస్టర్లు తిరిగి కలిపాను. అవి ఆయన సంచీ పక్క జేబులోనే ఉన్నాయి, పారేయలేదు. ఈసారి ఈల వదిలితే ఎవరూ చెవులు మూసుకోలేదు. ఆవిడ మైకులో ఎవరినో పేరు పెట్టి పిలిస్తే ఒడ్డున పడవ దగ్గర్నుంచి అతను చెయ్యెత్తాడు. పల్లె సంగతి అలా తేలిపోయింది.

వైర్లు చుట్టుకుంటుంటే ఆవిడ అడిగింది, "మరి పెద్దాయనకి ఎందుకు చెప్పలేదండీ?"

"పెద్దాయన కదమ్మా, పదిమందిలో బాధపడతారని" అన్నాను.

"మా ఆయనకి చూపు తగ్గితే నేనే చెప్పానండి, ఇక నువ్వు పడవ తియ్యబాక అని. మూడు రోజులు అన్నం తినలా. తర్వాత తిన్నాడు" అంది. వైరు చివర నా చేతికిచ్చి కిందికి వెళ్లిపోయింది.

నేను చేసింది మంచి పనే అనుకుంటూ బందరు బస్సెక్కాను. పదిమందిలో ఆయన పరువు నిలబెట్టాను, పల్లెకి మాట వచ్చింది. అంతకంటే ఏం కావాలి అనుకున్నాను. ఒక హారన్ తక్కువైనందుకు ఎవరికీ నష్టం లేదని కూడా లెక్క వేసుకున్నాను. నా లెక్కలో ఆయన బల్ల లేదు. ఆ బల్ల మీదకి ఇప్పుడు ఏ రోగమూ లేని హారన్ వెళ్తోంది. రోగం లేనిది ఎప్పటికి తేలుతుంది?

ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవారు. పొద్దున పదింటికి, టిఫిన్లు అయ్యాక. "ఇవాళ రేకు మార్చానమ్మా. గుంట కొంచెం పూడింది" అనేవారు. తర్వాతి ఆదివారం, "కాయిల్ మళ్లీ చుట్టాను. ఇంకా ఉంది." తర్వాత, "అయస్కాంతం సందులో తుప్పు ఉందేమో, ఉప్పు గాలికి పడుద్ది కదా, గీకుతున్నాను." నేను ఫోన్ స్పీకర్లో పెట్టి బట్టలు మడతపెడుతూ "అలాగాండీ, మంచిదండీ" అనేదాన్ని. ఆయనకి నా మాటలు ఎంతవరకు అందేవో తెలీదు. తను చెప్పాల్సింది చెప్పి, "ఉంటానమ్మా" అని పెట్టేసేవారు.

"గోడ దగ్గర ఇంకెన్ని ఉన్నాయండీ?" అని ఒకసారి గట్టిగా అడిగాను.

"పద్నాలుగు. కూర్చోనీయండి. ఇది తేలనీయండి."

అప్పుడైనా చెప్పాల్సింది. ఆ ఆదివారం కాకపోతే తర్వాతి ఆదివారం. ప్రతిసారీ అనుకునేదాన్ని, కానీ ఇన్ని వారాలు గడిచాక చెప్తే, మరి అప్పుడెందుకు అలా అన్నావంటారు. ఒకసారి మైకు పట్టుకుని వచ్చి గీత గీసి చూడమన్నారు. పేపర్లు దిద్దాలన్నాను. ఇంకోసారి అడిగితే ఇన్విజిలేషన్ అన్నాను. ఆ తర్వాత అడగలేదు. ఏడాదిన్నర అలా గడిచింది. రోజూ అరవైమంది పిల్లలకి, కొలత ఏం చెప్తే అదే రాయండి, కావలసిన జవాబు రాయకండి అని చెప్తూనే ఉన్నాను.

పెద్దకర్మ అయిపోయాక గుడివాడ వెళ్లాను. షాపు తలుపు తీసి ఉంది. గోడ వారగా ఒక్క హారన్ కూడా లేదు, నేల మీద గుండ్రటి దుమ్ము మరకలు ఉన్నాయి. ఎవరివి వాళ్లు పట్టుకుపోయారట, ఆయన ఉండగానే, ఒక్కొక్కరూ. ఆయన ఎవరినీ ఆగమనలేదట. పెద్దమ్మాయి బల్ల తుడుస్తోంది. పెళ్లయి అదే ఊళ్లో రెండు వీధుల అవతల ఉంటుంది. నన్ను చూసి చేతులు కడుక్కుని వచ్చి కుర్చీ లాగి వేసింది.

బల్ల మీద తూర్పు వైపు హారన్ విప్పి ఉంది. స్క్రూలు వరసగా పెట్టి ఉన్నాయి. రేకు ఆయన ఎన్నిసార్లు తీసి పెట్టారో, అంచులు అరిగిపోయి ఉన్నాయి.

"ఒక మాట అడుగుతానండీ, ఏమనుకోకండి" అంది. "దీంట్లో నిజంగా గుంట ఉందాండీ?"

"లేదమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి ఆశ్చర్యపోలేదు. బల్ల అంచున గుడ్డతో రుద్దుతూ ఉండిపోయింది.

"విజయవాడలో చెవి డాక్టరు దగ్గర రెండుసార్లు పేరు రాయించానండీ. రెండుసార్లూ రానన్నారు. టీచర్ గారు మిషను పెట్టి చూసి చెప్పారు, నా చెవికేం కాలేదు, గుంట హారన్‌లోనే ఉందనేవారు. ఏం చెప్పినా అదే మాట." గుడ్డ మడిచి పక్కన పెట్టింది. "మా పాప గొంతు సన్నమండీ. తాతయ్యా అని పిలిస్తే పలికేవారు కాదు. చాలాసార్లు పిలిచి చూసింది. తాతయ్యకి నామీద కోపమమ్మా అని ఇక్కడికి రావడం మానేసింది. ఎనిమిది నెలలైంది. ఆయన పోయినరోజు కూడా గుమ్మం దాటి లోపలికి రాలేదండీ."

నేను రేకుని చేతిలోకి తీసుకుని మళ్లీ బల్ల మీద పెట్టాను.

"మీరు ఒక్కమాట చెప్పుంటే వెళ్లేవారండీ. మీరంటే అంత గురి" అంది. కోపంగా కాదు. తర్వాత హారన్ వైపు చూసి, "ఇదేం చెయ్యమంటారు మరి? ఆ పల్లెవాళ్లకి పంపించేయనా?" అని అడిగింది.

"పంపించెయ్యమ్మా" అన్నాను. "స్క్రూలు బిగిస్తే చాలు. దానికేమీ కాలేదు."